దానం చట్టం దాకా వెళ్ళాలా?

పరాయి దేశం నుంచి వచ్చి కష్టంలో ఉన్న మనిషికి ఇంత అన్నం పెట్టడాన్ని తప్పుపట్టేవాళ్ళు ఎక్కడా పెద్దగా ఉండరు. దుప్పటి ఇచ్చినా, మందులిచ్చినా, పిల్లలకు పుస్తకాలు కొనిచ్చినా దాతను నలుగురూ మెచ్చుకుంటారు. అదే దాత ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ మనిషికి అన్నం దొరక్కుండా చేస్తున్న చట్టాన్ని మార్చమని అడిగేవాళ్ళకు డబ్బిస్తే మాత్రం ముఖాలు మారిపోతాయి. అది దానం కాదు, రాజకీయం అంటారు. వలసదారుల విషయంలో, శరణార్థుల విషయంలో దానం చట్టం దాకా వెళ్ళాలనే నేను అంటాను. వెళ్ళకపోతే ఎంత పెద్ద దానమైనా ఆ ఏటికి ఖర్చయి, మరుసటి ఏటికి మళ్ళీ మొదటికొస్తుంది. ఇందుకు ఉదాహరణగా అమెరికాను తీసుకుంటాను. ఫౌండేషన్లు ఈ పనిని బాహాటంగా, దశాబ్దాల తరబడి చేసిన దేశం అది. గెలుపులూ ఓటములూ రెండూ రికార్డులో ఉన్నాయి. పైగా మన తెలుగువాళ్ళు లక్షల్లో కాపురాలున్న దేశం.

1996 ఆగస్టు 22న అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంక్షేమ పథకాల సంస్కరణ చట్టం మీద సంతకం చేశారు. అప్పటి చర్చంతా ఒంటరి తల్లుల చుట్టూ, వాళ్ళను పనిలోకి పంపడం చుట్టూ తిరిగింది. లెక్కలు విప్పి చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది. ఆ చట్టం వల్ల ఆరేళ్ళలో ప్రభుత్వానికి మిగులుతుందని అంచనా వేసిన మొత్తం సుమారు 5,400 కోట్ల డాలర్లు. అందులో 2,300 కోట్లకు పైగా మిగిలేది పౌరసత్వం లేని వలసదారులకు సాయం ఆపేయడం వల్ల. వీళ్ళేమీ దొంగదారిన వచ్చినవాళ్ళు కారు. గ్రీన్‌కార్డు చేతిలో ఉన్నవాళ్ళు, పన్నులు కట్టినవాళ్ళు, పిల్లల దగ్గరికి వచ్చి ముసలితనంలో అక్కడే ఉండిపోయినవాళ్ళు. నిరుపేద వృద్ధులకు, వికలాంగులకు ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ భత్యం, ఆహారం కొనుక్కునే ఫుడ్ స్టాంపులు వీళ్ళకు ఇకమీదట ఉండవని చట్టం చెప్పింది. ఎస్‌ఎస్‌ఐ ఒక్కటే దాదాపు 5 లక్షల మందికి ఆగిపోతుందని అప్పటి అంచనా. వాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు రాదు, పౌరసత్వ పరీక్ష రాసే వయసూ ఓపికా లేవు, ఓటు అసలే లేదు. బడ్జెట్ కోత పెట్టాలనుకున్న ప్రభుత్వానికి ఇంతకంటే సులువైన చోటు దొరకదు.

ఆ సెప్టెంబరు నెలాఖరులోనే జార్జ్ సోరోస్ 5 కోట్ల డాలర్లతో ఎమ్మా లాజరస్ ఫండ్ అనే నిధిని ప్రకటించారు. సోరోస్ హంగరీలో పుట్టిన యూదుడు, నాజీల కాలాన్ని బతికి బయటపడి, 1947లో దేశం వదిలి ఇంగ్లండుకు, 1956లో అమెరికాకు చేరిన మనిషి. 5 కోట్ల డాలర్లంటే ఒక వ్యక్తి ఇచ్చే దానంగా చాలా పెద్దది. కానీ దీన్ని ఆ 5 లక్షల మందికీ పంచిపెట్టి ఉంటే తలా 100 డాలర్లు వచ్చేవి. ఆ ఏడాది ఒంటరి మనిషికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ గరిష్ఠంగా నెలకు 470 డాలర్లు. అంటే దేశంలోకెల్లా పెద్ద ధనవంతుల్లో ఒకరు అంత డబ్బు ధారపోసినా, ప్రభుత్వం తీసేసిన భత్యంలో వారం రోజుల పాలు కూడా భర్తీ అయ్యేది కాదు. 2,300 కోట్ల కోత ముందు 5 కోట్లు సముద్రంలో కాకిరెట్ట. ఈ లెక్క చాలామంది దాతలు వేసుకోరు. ప్రభుత్వం ఒక్క కలంపోటుతో తీసేసేదాన్ని ప్రపంచంలోని ఏ ఫౌండేషనూ తన ఖజానా నుంచి పూడ్చలేదు.

అందుకే ఆ నిధి భత్యాలు పంచే పని పెట్టుకోలేదు. పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునేవాళ్ళకు ఫారాలు నింపిపెట్టే సంస్థలకు, ఇంగ్లీషు నేర్పే తరగతులకు, లాయర్లకు, వలసదారుల తరఫున మాట్లాడే సంఘాలకు డబ్బు వెళ్ళింది. పౌరసత్వం వస్తే భత్యమూ నిలుస్తుంది, ఓటూ వస్తుంది. మరోవైపు, భత్యం ఆగిపోతుందని నోటీసులందుకున్న వృద్ధుల గోడు పత్రికలకు ఎక్కింది. వలసదారులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల గవర్నర్లు, వాళ్ళలో రిపబ్లికన్లు కూడా, ఈ భారం తమ నెత్తిన పడుతుందని వాషింగ్టన్‌లో గొడవ పెట్టారు. 1997 ఆగస్టులో, చట్టం వచ్చి ఏడాది తిరగకముందే, బడ్జెట్ చట్టం ద్వారా, 1996 ఆగస్టు 22 నాటికి దేశంలో ఉన్న వలసదారుల్లో చాలామందికి ఎస్‌ఎస్‌ఐని తిరిగి ఇచ్చారు. 1998లో సుమారు రెండున్నర లక్షల మందికి, ముఖ్యంగా పిల్లలకు, వృద్ధులకు, వికలాంగులకు ఫుడ్ స్టాంపులు తిరిగొచ్చాయి. 2002లో ఇంకొంత వెసులుబాటు. ఈ ఘనతంతా ఒక నిధిదే అంటే అతిశయోక్తి అవుతుంది. ఈ నిబంధనలను సరిదిద్దాలని క్లింటన్ సంతకం పెడుతున్నప్పుడే అన్నారు, గవర్నర్ల ఒత్తిడి లేకపోతే కాంగ్రెస్ కదిలేదీ కాదు. కానీ ఇన్ని చేతులు కలిసే దాకా ఆ వృద్ధుల సంగతి మరుగున పడకుండా నిలబెట్టిన సంఘాలు ఎవరి డబ్బుతో నడిచాయన్నది అడగాలి కదా.

ఇక్కడ వలసదారుడికీ మిగతా పేదవాడికీ ఉన్న తేడా గమనించాలి. దేశంలోని రైతుకు కోపం వస్తే ఎన్నికల్లో చూపిస్తాడు. వృద్ధాప్య పింఛను కోసేయాలంటే ఏ ప్రభుత్వమైనా పదిసార్లు ఆలోచిస్తుంది. పౌరసత్వం లేనివాడికి ఆ దారి మూసి ఉంటుంది. కానీ చట్టసభ చేసిన ప్రతి నిర్ణయమూ అతని మీద అమలవుతుంది. అలాంటివాడికి మిగిలిన తలుపులు కోర్టు, పత్రిక, సానుభూతి ఉన్న పౌరుల సంఘాలు. ఈ మూడూ నడవాలంటే డబ్బు కావాలి, ఆ డబ్బు కూడా అతని దగ్గర ఉండదు. ప్రభుత్వాన్నే ఎదిరించే పనికి ప్రభుత్వం డబ్బివ్వదు. వ్యాపార సంస్థలకు తమకు కావలసిన వీసాలు దొరికితే చాలు, మిగతా బాధ లేదు. మిగిలింది దాత ఒక్కడే.

కోర్టు తలుపు ఎంత పని చేయగలదో చెప్పడానికి టెక్సస్‌లోని టైలర్ అనే ఊరి కథ చాలు. చట్టబద్ధంగా దేశంలోకి రాని పిల్లల చదువుకు రాష్ట్ర నిధులు వాడనక్కర్లేదని టెక్సస్ 1975లో చట్టం చేసింది. 1977లో టైలర్ పాఠశాలల బోర్డు ఆ పిల్లలు ఏడాదికి 1,000 డాలర్లు ఫీజు కడితేనే బడికి రావాలంది. గులాబీ తోటల్లో, కర్మాగారాల్లో కూలి చేసుకునే మెక్సికన్ కుటుంబాలకు అది అందే మొత్తం కాదు. నాలుగు కుటుంబాలు కోర్టుకు ఎక్కాయి. తమను పట్టుకుని దేశం దాటిస్తారేమోనన్న భయంతో, సామానంతా కార్లలో సర్దుకుని మరీ విచారణకు వచ్చారు. వాళ్ళు ఎవరి కంటా పడకుండా జడ్జి విలియం వేన్ జస్టిస్ ఉదయం 6 గంటలకే విచారణ పెట్టారు. వాళ్ళ తరఫున నిలబడింది మాల్డెఫ్ అనే సంస్థ. మెక్సికన్ అమెరికన్ల న్యాయపోరాటాల కోసం 1968లో శాన్ ఆంటోనియోలో పుట్టిన ఆ సంస్థకు మూలధనం ఫోర్డ్ ఫౌండేషన్ ఇచ్చిన 22 లక్షల డాలర్లు. 1982 జూన్ 15న సుప్రీంకోర్టు 5-4 తేడాతో పిల్లల వైపు తీర్పు చెప్పింది. తల్లిదండ్రులు చేసిన పనికి పిల్లలను శిక్షించి, దేశంలో చదువురాని ఒక వర్గాన్ని తయారు చేయడం రాజ్యాంగానికి సరిపడదని జస్టిస్ బ్రెన్నన్ రాశారు. ఆ కేసులో ఓడిపోయిన పాఠశాలల సూపరింటెండెంట్ జేమ్స్ ప్లైలర్ కూడా చాలా ఏళ్ళ తర్వాత, తాను ఓడిపోవడమే మంచిదయిందని ఒప్పుకున్నాడు. 1994లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రతిపాదన 187 ద్వారా ఇలాంటి పిల్లలను బడి నుంచి బయటికి పంపాలని తీర్మానిస్తే, దాన్ని ఆపిన కోర్టుకు ఆధారం ఈ తీర్పే. నలభై ఏళ్ళకు పైగా, ప్రతి సెప్టెంబరులో, ప్రతి రాష్ట్రంలో ఆ తీర్పు పని చేస్తూనే ఉంది. అంతమంది పిల్లలకు ఫీజులు కట్టగల ధర్మసంస్థ ఎక్కడుంది?

రెండో ఉదాహరణ కాస్త ఓపికగా వినాలి, ఎందుకంటే ఇందులో అంకెలను జాగ్రత్తగా చూడాల్సిన అవసరం ఉంది. అమెరికాలో దొంగతనం కేసులో పట్టుబడ్డ పేదవాడికి ప్రభుత్వం లాయరును పెడుతుంది. దేశం నుంచి పంపేసే కేసులో పెట్టదు, అది సివిల్ వ్యవహారం అంటుంది. ఒకవైపు ప్రభుత్వ లాయరు, మరోవైపు భాష రాని మనిషి, కొన్నిసార్లు చిన్నపిల్లలు. 2007 నుంచి 2012 దాకా జరిగిన 12 లక్షలకు పైగా కేసులను ఇంగ్రిడ్ ఈగ్లీ, స్టీవెన్ షాఫర్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టి చూస్తే, లాయరున్నవాళ్ళు 37 శాతమే. నిర్బంధంలో ఉన్నవాళ్ళలో 14 శాతమే. న్యూయార్క్‌లో ఫెడరల్ జడ్జి రాబర్ట్ కాట్జ్‌మన్ ఈ సమస్య మీద నడిపించిన అధ్యయనం 2011లో బయటికొచ్చింది. నిర్బంధంలో ఉండి లాయరు లేనివాళ్ళలో కేసు గెలిచినవాళ్ళు నూటికి ముగ్గురేనని, నిర్బంధం లేకుండా లాయరున్నవాళ్ళలో 74 మంది అని ఆ అధ్యయనం తేల్చింది. ఇక్కడ ఒక సందేహం న్యాయంగానే వస్తుంది. గెలిచే కేసులనే లాయర్లు ఏరుకుంటారు కదా, ఆ తేడా లాయరు వల్లనా, కేసు బలం వల్లనా? దీనికి జవాబు 2013లో మొదలైన పథకం నుంచి వచ్చింది. ఆ అధ్యయనం చేతికొచ్చాక న్యూయార్క్ నగర కౌన్సిల్ 5 లక్షల డాలర్లతో ఒక ప్రయోగం పెట్టి, నిర్బంధంలో ఉన్న పేద వలసదారులకు కేసు మంచిదా చెడ్డదా అని చూడకుండా, ఆదాయం మాత్రమే చూసి లాయర్లను ఇచ్చింది. ఏరుకోవడం లేదు కాబట్టి ఆ సందేహానికి తావు తగ్గింది. ముందు లాయరు లేనివాళ్ళలో 4 శాతం ఉన్న గెలుపు, ఈ పథకంలో 48 శాతానికి చేరవచ్చని వెరా ఇన్‌స్టిట్యూట్ 2017లో అంచనా కట్టింది. వీళ్ళంతా మోసం చేసి గెలిచినవాళ్ళు కారు. చట్టప్రకారం ఉండే హక్కు ముందు నుంచే ఉండి, దాన్ని కోర్టుకు చెప్పుకోలేక దేశం దాటిపోయేవాళ్ళు. వీళ్ళకు పనికొచ్చిన దానం సత్రానికి ఇచ్చింది కాదు, ఒక సర్వేకి, ఒక నివేదికకు, లాయర్ల తర్ఫీదుకు ఇచ్చింది. రాబిన్ హుడ్ ఫౌండేషన్ దన్నుతో 2014లో మొదలైన ఇమ్మిగ్రెంట్ జస్టిస్ కోర్ అలాంటిదే, కొత్తగా పట్టా పుచ్చుకున్న లాయర్లను ఈ కేసుల్లో దించింది. నిజం చెప్పాలంటే సర్వేకి విరాళం ఇవ్వమంటే ఏ దాతకూ ఉత్సాహం రాదు. శిలాఫలకం పెట్టుకోవడానికి గోడ ఉండదు.

మన గడ్డ మీద కూడా ఈ రెండు రకాల దానాల మధ్య తేడా ఒక మహానుభావుడి జీవితంలో కనిపిస్తుంది. మల్లాడి సత్యలింగ నాయకర్ రంగూన్‌కు వలస వెళ్ళి సంపాదించినవాడు, ఆ సంపదతో కాకినాడలో ధర్మసంస్థ వెలిసింది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చదువుకు ఆ సంస్థ సాయం అందింది. అంటే ఒక వలసదారుడి సొమ్ము ఇంకో వలసదారుణ్ణి ఓడ ఎక్కించింది. సుబ్బారావు 1923 అక్టోబరులో బోస్టన్ చేరారు. అంతకు ఎనిమిది నెలల ముందే, అదే ఏడాది ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. ఇంకెన్ని ధర్మసంస్థలు ఎంత డబ్బు ఇచ్చినా ఆ తీర్పును దాటించలేవు. ఫోలిక్ యాసిడ్ మీద, క్యాన్సర్ మందుల మీద పనిచేసిన ఆ శాస్త్రవేత్తకు 1946 దాకా పౌరసత్వం అడిగే హక్కు కూడా లేదు, 1948లో కన్నుమూశారు. 1946 జూలైలో లూస్-సెల్లర్ చట్టంతో ఆ అడ్డు తొలగింది. దాని వెనక న్యూయార్క్‌లో బట్టల వ్యాపారం చేసుకునే జె.జె. సింగ్, ఇండియా లీగ్ ఆఫ్ అమెరికా వగైరా చిన్న సంఘాలు ఏళ్ళ తరబడి కాంగ్రెస్ సభ్యుల గుమ్మాలు తొక్కిన శ్రమ ఉంది. ఆ చట్టం ఏడాదికి 100 మంది భారతీయులకే వలస అవకాశం ఇచ్చింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు వేలల్లో వెళ్ళే దారి 1965 చట్టంతో గాని తెరుచుకోలేదు. ఇవాళ డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబం ఆ గుమ్మాలు తొక్కినవాళ్ళకు ఎంత బాకీ ఉందో ఎక్కడా చెప్పుకోగా వినం.

ఇక అభ్యంతరాలు. మొదటిది అందరికీ తోచేది: ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. మన పేదలు ఆకలితో ఉండగా పరాయివాడి హక్కుల మీద డబ్బెందుకు? ఇందులో బలం లేదనను. కానీ నేను చెబుతున్న దానం ఎవరి కంచంలోంచీ అన్నం తీయదు, ఎందుకంటే అది అన్నం మీద పెట్టేది కాదు. పైగా వలసదారుడి మీద పెట్టిన నిబంధన వలసదారుడి దగ్గర ఆగదు. 2019లో ట్రంప్ ప్రభుత్వం, ప్రభుత్వ సాయం తీసుకున్నవాళ్ళకు గ్రీన్‌కార్డు ఇవ్వకుండా ఉండేలా ఒక నిబంధన తెచ్చింది. దాని గురించి మాటలు నడుస్తుండగానే, 2018లో, వలస కుటుంబాల్లోని పెద్దవాళ్ళలో ప్రతి ఏడుగురిలో ఒకరు తమ ఇంట్లో సాయం వదులుకున్నామని అర్బన్ ఇన్‌స్టిట్యూట్ సర్వేకి చెప్పారు. ఆ ఇళ్ళలో పుట్టిన పిల్లల్లో చాలామంది అమెరికా పౌరులే, పాల డబ్బు పోయింది వాళ్ళకే. ఆ సర్వేకి డబ్బిచ్చింది రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్. నిబంధన 2021 మార్చిలో రద్దయింది.

రెండో అభ్యంతరం చట్టం ఉల్లంఘించినవాళ్ళ సంగతి. దొంగదారిన వచ్చినవాళ్ళకు అండగా ఉండడం చట్టాన్ని చులకన చేయడమే కదా అంటారు. ఇప్పటిదాకా చెప్పినవాటిని మళ్ళీ చూడండి. 1996లో నష్టపోయింది చట్టబద్ధంగా ఉన్నవాళ్ళు. న్యూయార్క్ పథకం కోర్టు ముందు నిలబడే అవకాశం ఇచ్చిందే తప్ప తీర్పు ఇవ్వలేదు. టైలర్ పిల్లలు సరిహద్దు దాటాలని తమంతట తాము నిర్ణయించుకోలేదు. ఎవరిని రానివ్వాలి, ఎందరిని రానివ్వాలి అన్నది ఏ దేశానికైనా ఉన్న హక్కే, దాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. వచ్చినవాడి పట్ల ఎలా ప్రవర్తించాలి అన్నది వేరే ప్రశ్న. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడడం అలవాటైపోయింది.

మూడోది అన్నిటికన్నా గట్టిది, దీన్ని తేలిగ్గా తీసేయడం నిజాయితీ కాదు. డబ్బున్నవాడు చట్టాలను తన ఇష్టం వచ్చినట్టు వంచే హక్కు ప్రజాస్వామ్యంలో ఎక్కడిది? ఇవాళ వలసదారుల కోసం వంచితే రేపు ఇంకెవరి కోసమో వంచుతాడు. నిజానికి వంచుతున్నారు కూడా. మెలన్ కుటుంబపు వారసురాలు కార్డీలియా స్కైఫ్ మే ఇచ్చిన ఆస్తితో నడిచే కాల్కమ్ ఫౌండేషన్, వలసలను తగ్గించాలని వాదించే ఫెయిర్, నంబర్స్ యూఎస్ఏ వంటి సంస్థలకు ఏళ్ళ తరబడి కోట్ల డాలర్లు ఇచ్చింది. అంటే ఒకవైపు దాతలు తప్పుకుంటే బరి ఖాళీ కాదు, రెండో పక్షానికి మిగులుతుంది. ఇది సగం జవాబే. మిగతా సగం నిబంధనల్లో ఉంది. ఫోర్డ్ ఫౌండేషన్ వంటి సంస్థల రాజకీయ జోక్యం మీద వచ్చిన కోపంతోనే అమెరికా కాంగ్రెస్ 1969లో పన్నుల చట్టాన్ని మార్చింది. ప్రైవేటు ఫౌండేషన్లు ఫలానా బిల్లును గెలిపించమనో, ఫలానా అభ్యర్థికి ఓటేయమనో డబ్బు ఖర్చు పెట్టకూడదు. పరిశోధన, న్యాయసహాయం, ప్రజలకు విషయం చెప్పడం చేయవచ్చు, తమ లెక్కలు బహిరంగం చేయాలి. నాకు ఇది సరైన గీతగానే కనిపిస్తుంది. చీకట్లో ఎన్నికల ఖర్చుకు వెళ్ళే డబ్బుకూ, పేరు పెట్టి కోర్టు కేసుకు ఇచ్చే డబ్బుకూ చాలా దూరం ఉంది. కోర్టులో అవతలి పక్షం ఉంటుంది, తీర్పు చెప్పేది దాత కాదు.

అయినా దాత చెయ్యి అవసరమైనదానికంటే ముందుకు సాగుతుందన్న మాట నిజం. మాల్డెఫ్ చేసిన పనులు ఊళ్ళో రాజకీయ దుమారం లేపగానే, 1970లో ఫోర్డ్ ఒత్తిడితోనే ఆ సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని శాన్ ఆంటోనియో నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు మార్చుకోవలసి వచ్చింది. ఎవరి కోసం సంస్థ పుట్టిందో ఆ జనానికి దూరంగా అన్నమాట. ఇది దానం కాదు, పెత్తనం. దాత పేరు మరీ పెద్దదైతే ఇంకో చిక్కు. హంగరీలో 2018లో శరణార్థులకు సాయం చేయడాన్ని నేరంగా మార్చిన చట్టానికి ‘స్టాప్ సోరోస్’ అనే పేరే పెట్టారు. శరణు కోరినవాడి గోడు మరుగునపడి, చర్చంతా ఒక ధనవంతుడి చుట్టూ తిరిగింది. యూరోపియన్ న్యాయస్థానం 2021 నవంబరులో ఆ చట్టం యూరోపియన్ యూనియన్ చట్టాలకు విరుద్ధమంది గాని, ఈలోగా సోరోస్ స్థాపించిన ఓపెన్ సొసైటీ కార్యాలయం బుడాపెస్ట్ నుంచి బెర్లిన్‌కు తరలిపోయింది. అందుకే అమెరికాలో 2003లో కొన్ని ఫౌండేషన్లు కలిసి ఫోర్ ఫ్రీడమ్స్ ఫండ్ అనే ఉమ్మడి నిధి పెట్టి, రాష్ట్రాల్లోని స్థానిక వలసదారుల సంఘాలకు డబ్బు పంపడం మొదలుపెట్టడం తెలివైన పని అనిపిస్తుంది. ఏ ఒక్క దాత ముఖమూ ముందు నిలబడదు, పని ఎలా చేయాలో ఊళ్ళోవాళ్ళు నిర్ణయిస్తారు.

ఫలితం వచ్చిందా అంటే, దేశస్థాయిలో పెద్దగా రాలేదనే చెప్పాలి. 2007లో సమగ్ర సంస్కరణ సెనేట్‌లో పడిపోయింది. చిన్నప్పుడే వచ్చిన పిల్లల కోసం తెచ్చిన డ్రీమ్ బిల్లుకు 2010లో 55 ఓట్లు వచ్చాయి, కావలసినవి 60. 2013లో సెనేట్ 68-32తో ఒక బిల్లు దాటిస్తే ప్రతినిధుల సభ దాన్ని చర్చకే తీసుకోలేదు. కోట్ల డాలర్ల దాతల సొమ్ము ఆ ప్రయత్నాల్లో కరిగిపోయింది. కానీ ఓడిన బిల్లు కోసం వీధుల్లోకి వచ్చిన యువతీ యువకుల ఒత్తిడితోనే 2012 జూన్‌లో ఒబామా డాకా పథకం ప్రకటించారు, దానివల్ల 8 లక్షలకు పైగా యువత పని చేసుకునే అనుమతి పొందారు. అది కూడా కార్యనిర్వాహక నిర్ణయమే, చట్టం కాదు కాబట్టి అప్పటినుంచి కోర్టుల్లో నలుగుతూనే ఉంది. చట్టం మార్చే దానంలో నష్టం ఎక్కువ. పది ప్రయత్నాల్లో ఏడు ఓడవచ్చు. రెండేళ్ళకోసారి ఫలితాల పట్టిక అడిగే దాతకు ఈ పని సరిపడదు.

మన దేశంలో ఈ ప్రశ్న ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. 1951 శరణార్థుల ఒప్పందంలో భారతదేశం చేరలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలో గుడిసెల్లో ఉంటున్న వేలాది రోహింగ్యాలకు ఉన్న రక్షణ, ఐక్యరాజ్యసమితి కార్డు, కొన్ని స్వచ్ఛంద సంస్థల సాయం, కోర్టుల దయ. అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు జీవించే హక్కు పౌరులు కానివాళ్ళకు కూడా ఉందని చెప్పింది. ఆ తీర్పు మీద కట్టవలసిన ఇల్లు ఇంకా కట్టలేదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ, ఒక సంస్థ తాను తీసుకున్న విదేశీ సొమ్మును మరో సంస్థకు ఇవ్వకూడదంది. పెద్ద సంస్థ నుంచి చిన్న ఊరి సంఘానికి డబ్బు వెళ్ళే దారి దాంతో మూసుకుంది. కాబట్టి ఈ పనికి ఇక్కడి దాతలే దిక్కు.

మనవాళ్ళు వలస వెళ్ళిన వైపు చూస్తే గల్ఫ్ ఉంది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల నుంచి వెళ్ళినవాళ్ళ కోసం మన దాతలు ఇన్నాళ్ళూ చేసిందేమిటి? చనిపోయినవాడి శవపేటిక తెప్పించడానికి చందాలు, చిక్కుకుపోయినవాడికి టికెట్ డబ్బు. ఈ రెండూ చేయవలసినవే. అయితే 2020 సెప్టెంబరులో కేంద్ర విదేశాంగ శాఖ గల్ఫ్ దేశాలకు వెళ్ళే కార్మికుల కనీస రెఫరల్ వేతనాన్ని, అంటే వాళ్ళకు ఇవ్వవలసిన కనీస జీతంగా ప్రభుత్వం పెట్టిన హద్దును, 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది. కోవిడ్ కాలంలో ఉద్యోగాలు పోకుండా కాపాడడానికే అని కారణం చెప్పింది. ఇలా ఒక్క కాగితంతో లక్షల మంది జీతం మీద కోత పడుతుంటే, ఎన్ని టికెట్లు కొనిచ్చి పూడ్చగలం? తెలంగాణలోని వలస కార్మికుల సంఘాలవాళ్ళు హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు, ఇతర రాష్ట్రాల్లోనూ నిరసనలు వచ్చాయి. 2021 జూలైలో కేంద్రం ఆ సర్క్యులర్లను వెనక్కి తీసుకుని పాత వేతనాలనే పునరుద్ధరించింది. అలాంటి వ్యాజ్యానికి కావలసింది ఒక లాయరు, సౌదీలో, కువైట్‌లో మేస్త్రీకి, డ్రైవరుకు ఎంత ఇస్తున్నారో చెప్పే లెక్కలు, ఏడాదిపాటు కోర్టు చుట్టూ తిరగగల ఓపిక. హైదరాబాద్‌లో ఒక పెద్ద కల్యాణమండపానికి ఒక్కరోజు కట్టే అద్దె ఇలాంటి కేసు ఒకదాన్ని చాలాకాలం నడపగలదు. అమెరికాలోని తెలుగు సంఘాల వార్షిక సభల ఖర్చుతో పోల్చి చెప్పనక్కర్లేదు.